బుధవారం క్లాసులో గోపాలప్ప డాక్టరు కేసు

మధ్యాహ్నం క్లాసు

కెమెరా ఆపేసి కూర్చునే డాక్టరు మీద కోప్పడకండి. నా తర్వాత ఈ పనికి వచ్చే పిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే. వాళ్లేమీ నిద్రపోవడం లేదు. పొద్దుటి ఓపీ ముగిసి సాయంత్రం ఓపీ మొదలయ్యేలోపు దొరికిన కాస్త వ్యవధిలో పెరుగన్నం తింటూ మన మాటలు వింటున్నారు. ఒకాయనకు సరిగ్గా క్లాసు మధ్యలోనే పేషంటు వచ్చేవాడు. మైకు ఆపడం మరిచి "నాలుక చాపప్పా" అనేవాడు. మేమంతా నవ్వుకుని పాఠం సాగించేవాళ్లం.

నేను హోసూరులో చాలాకాలం ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి, చివరి ఏళ్లలో ఈ క్లాసు నడిపాను. మా కృష్ణగిరి జిల్లాలో బర్గూరు దాకా, పోచంపల్లి దాకా చిన్న చిన్న క్లినిక్కుల్లో ఒంటరిగా కూర్చునే డాక్టర్లందరం బుధవారం బుధవారం ఫోనులో కలుసుకుని వృద్ధుల వైద్యం గురించి మాట్లాడుకోవడమే ఆ పని. పాఠం తక్కువ, కేసులు ఎక్కువ. ఒకరు తమ పేషంటు సంగతి పేరు చెప్పకుండా వివరిస్తారు. మిగతావాళ్లు ప్రశ్నలు వేస్తారు. చివరికి అందరం కలిసి ఏం చేయాలో తేల్చుకుంటాం. మాట తమిళంలో మొదలై, తెలుగులోకి జారి, మందు పేరు దగ్గర ఇంగ్లీషై, ఎవరికైనా కోపం వస్తే కన్నడంలో ముగిసేది.

ఇలాంటి క్లాసు ఎందుకంటారా? కాలేజీలో పసిపిల్లల వైద్యానికి ఇంత లావు పుస్తకం చదివాం. ముసలితనానికి అక్కడక్కడ నాలుగు ముక్కలు. తీరా క్లినిక్కు తెరిచాక చూస్తే బెంచీ నిండా ముసలివాళ్లే.

ఈ క్లాసు పెట్టించిన సంస్థలో మా పైఅధికారికి హాజరు తప్ప ఇంకేమీ పట్టేది కాదు. ఎంతమంది చేరారని ప్రతిసారీ అడిగేవాడు, ఎవరేం నేర్చుకున్నారని ఒక్కసారీ అడగలేదు. మనిషి మంచివాడే, వాళ్ల అమ్మాయి పెళ్లికి పోయి భోంచేసి కూడా వచ్చాను. కానీ సర్టిఫికెట్టు గోడకు తగిలిస్తే చదువైపోయిందనుకునేవాడి కింద పని చేయడం కష్టం. మీకూ అలాంటివాడే దొరుకుతాడు. సరే సార్ అనేసి మీ పని మీరు చేసుకోండి.

గడియారం బొమ్మ

మతిమరుపు కనిపెట్టే పరీక్ష ఒకటి మాకు పైనుంచి వచ్చింది. ముసలివాళ్లను ఈరోజు తేదీ అడగాలి, కాగితం మీద గడియారం గీయమనాలి. గురుబరపల్లిలో కొత్తగా క్లినిక్ పెట్టిన రేవతి అనే చిన్న డాక్టరు ఆ పరీక్షను గొర్రెలు కాచే ఒక అవ్వకు పొల్లుపోకుండా పెట్టింది. సున్నా మార్కులు వేసి, తల స్కానుకు పంపబోతూ, ముందు ఆ కేసు మా క్లాసులో చెప్పింది.

కృష్ణగిరి పాతపేట నుంచి ఒక పెద్ద గొంతు లేచింది.

"రేవతమ్మా, ఆమె జన్మలో పెన్సిలు పట్టుకునిందా? గడియారం ఎట్ల గీస్తుంది? పోయి గొర్రెల సంగతి అడుగు. ఏది ఈనింది, ఏది చూలుతో ఉండాది, పోయిన సంతలో ఏది అమ్మినారు. దాంట్లో తప్పు చెప్పిందంటే అప్పుడు స్కానుకు పంపు."

రేవతి పోయి అడిగింది. అవ్వ మందనంతా ఒక్కొక్కటిగా చెప్పి, మంచి పొట్టేలును అగ్గువకు అమ్మేశాడని కొడుకును దులిపేసింది. ఆ రోజు నుంచి గడియారం బొమ్మ మా క్లాసులో కనిపించలేదు.

ఆ గొంతు గోపాలప్ప డాక్టరుది. ఇక్కణ్ణించి నేను చెప్పేదంతా ఆయన గురించే. మిగతా ఏళ్లన్నీ ఒక ఎత్తు, ఆయన మతి తప్పుతున్నదని ఆయనకు ఎవరు చెప్పాలో తెలియక మేము గడిపిన ఆ కొన్ని నెలలు ఒక ఎత్తు. అప్పటికీ ఆయన రోజూ పేషంట్లను చూస్తూనే ఉన్నాడు.

పెద్దాయన

డాక్టరుగా నా మొదటి ఉద్యోగం ఆయన దగ్గరే. మా క్లాసులో సగం మందిది అదే కథ. పాతపేటలో ఆయన క్లినిక్, పక్క గదిలో మందుల కౌంటరు. కౌంటరులో ఆయన భార్య లలితమ్మ. మేము లలితక్క అనేవాళ్లం.

పని నేర్పడంలో ఆయనకు కనికరం లేదు. నేను చేరిన కొత్తలో ఒక పెద్దావిడకు రాసిన చీటీని పేషంటు ముందే చేతిలోకి తీసుకుని చదివాడు. ఆమె పోయాక అన్నాడు. "నాలుగు మాత్రలు రాసినావు సుగుణమ్మా. ఆమెకు కావాల్సింది ఒగటి. మిగతా మూడూ నీ భయానికి రాసుకున్నావు." మొహం మాడిపోయింది నాకు. కానీ ఆ తర్వాత చీటీ రాసిన ప్రతిసారీ, ఇది ఎవరి కోసం అని ఒక క్షణం ఆగే అలవాటు వచ్చింది. ఏ పుస్తకమూ ఇవ్వని చదువు అది.

ఇంకొకటి కూడా ఆయన నేర్పిందే. ముసలివాళ్లు వస్తే ఏమేం మాత్రలు వేసుకుంటున్నారని నోటితో అడగొద్దు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని తెమ్మను, బల్ల మీద కుమ్మరించు అనేవాడు. నోరు అబద్ధం చెప్పకపోయినా మరిచిపోతుంది, సంచి మరిచిపోదు అని ఆయన వాదన.

క్లాసు మొదలుపెట్టినప్పుడు ఆయన్ను పాఠం చెప్పమని పిలిచాను. విద్యార్థిగా చేరతానన్నాడు. "ముసలోళ్లకు వైద్యం చేస్తా చేస్తా నేనే ముసలోడు అయిపోయినాను. రెండు పక్కలా పనికొస్తుంది లేమ్మా" అన్నాడు.

మర్యాద

మొదట మేము గమనించింది చిన్న సంగతి. ఒక కేసులో పేషంటు వయసెంత అని అడిగాడు. చెప్పారు. కాసేపటికి మళ్లీ అడిగాడు. చెప్పినాము కదా సార్ అని ఎవరూ అనలేదు. మొదటిసారి అడిగినట్టే, అంతే వినయంగా మళ్లీ చెప్పారు. మా వైపు పెద్దవాళ్లు వస్తే కుర్చీలోంచి లేస్తాం. వాళ్ల మాట తడబడితే విననట్టు ఉంటాం. రెండూ ఒకే మర్యాద. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు అది.

తర్వాత ఒకరోజు బీపీ మాత్ర మోతాదు తప్పు చెప్పాడు. చిన్న తప్పు కాదు. క్లాసు అయ్యాక, చర్చలో తేలిన విషయాలు ఎవరో ఒకరు వంతు ప్రకారం రాసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టడం రివాజు. ఆ వారం వంతు పోచంపల్లి డాక్టరుది. ఆయన సరైన మోతాదు రాసి, పక్కన "గోపాలప్ప సార్ చెప్పినట్టు" అని చేర్చాడు. తర్వాతి తప్పు నా వంతులో వచ్చింది. నేనూ అదే చేశాను. ఆ తర్వాత బర్గూరు ఆయన. ఒకరితో ఒకరం అనుకోలేదు, ఫోను చేసుకోలేదు. తప్పు ఆయన నోట్లోంచి రావడం, ఒప్పు ఆయన పేరుతో గ్రూపులో పడటం. దాంతో ఎవరికీ ఏమీ కానట్టే ఉండింది. ఆయనకు కూడా.

అదే నెలలో మేము చెప్పుకున్న పాఠం ఏమిటో తెలుసా? మతిమరుపును ఇంట్లోవాళ్లు మర్యాద కొద్దీ కప్పిపుచ్చుతారు కాబట్టి వాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగాలని. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారే, ఆ బల్లులం మేమే.

కొన్నాళ్లకు ఆయన కెమెరా ఆపేయడం మొదలుపెట్టాడు. నెట్ సరిగా లేదేమో అనుకున్నాం. అనుకోవడానికి అది సౌకర్యంగా ఉండింది.

మాత్రల సంచి

రేవతి ఫోను చేసింది ఒక పొద్దున. వాళ్ల ఊరి పక్క పల్లె నుంచి మాదప్ప అనే అతను తల్లి గంగమ్మను ఆటోలో తెచ్చాడట. ఎంత లేపినా లేవలేదు. షుగర్ చూస్తే బాగా పడిపోయి ఉంది. వెంటనే గ్లూకోజు ఎక్కించి హోసూరు పెద్దాసుపత్రికి పంపింది. కొడుకుతో ఇంట్లో మాత్రల సంచి తెప్పించి బల్ల మీద కుమ్మరించింది. ఒకే షుగర్ మందు, రెండు కంపెనీల పేర్లతో, రెండు అట్టలు. రెండూ రోజుకు రెండుపూటలా. కిడ్నీలు బలహీనంగా ఉన్న మనిషి.

"చీటీ గోపాలప్ప సార్‌ది మేడమ్" అంది.

గంగమ్మ మళ్లీ సరిగా తెలివిలోకి రాలేదు. కొద్దిరోజులు అలాగే ఉండి చనిపోయింది. ఆమె పోయిన రోజే నేను హోసూరు ఆసుపత్రికి వెళ్లి మాదప్పను కలిశాను. మొదట ఏవో సర్దిచెప్పే మాటలు మాట్లాడబోయి ఆపేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండు మాత్రలూ ఒకటేనని, అట్లా రాయకూడదని, దానివల్లే ఇట్లా అయిందని.

అతను ఫ్యాక్టరీ యూనిఫారంలోనే ఉన్నాడు, షిఫ్టు మధ్యలో వచ్చాడు.

"నేను పుట్టినప్పటి నుండి మమ్మల్ని ఆయనే చూసినాడు మేడమ్" అన్నాడు. "మా నాయిన పాము కరిచి పడుంటే పొలానికే వచ్చినాడు. మీరు చెప్పింది నాకు అర్థమయింది. ఆయనకు మాత్రం చెప్పొద్దండి. ఆ వయసులో తట్టుకోలేడు."

తల్లిని పోగొట్టుకున్న మనిషి కూడా మా వరసలో వచ్చి నిలబడ్డాడు. ఇంటికొచ్చి ఏడ్చాను. గంగమ్మ కోసమా, ఆయన కోసమా అంటే ఈరోజుకీ విడదీసి చెప్పలేను.

పాతపేట

పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? నేనే కట్టాలని కృష్ణగిరి వెళ్లాను. ముందుగా మందుల కౌంటరులోకి పోదామంటే లలితక్క అక్కడ లేదు. లోపల, ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ప్రతి పేషంటు తలుపు తీయకముందు ఆయన చెవిలో చెప్తోంది. "బర్గూరు క్వారీ మేస్త్రీ. కాల్లో పుండు. పోయినసారి కట్టు మార్చినారు." ఆయన తలూపి, మేస్త్రీని పేరు పెట్టి పలకరించి, పుండు చూశాడు. చేతులు ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. చీటీ మాత్రం ఆమె ఒకసారి చదివాకే మేస్త్రీ చేతికి వెళ్లింది.

క్లాసులో కెమెరా ఎందుకు ఆపేస్తున్నారో అప్పుడు తెలిసింది. అక్కడా ఆమె పక్కన కూర్చునే ఉంది.

ఖాళీ దొరికాక ఆమెను వెనక గదిలోకి పిలిచి గంగమ్మ సంగతి చెప్పాను. ఆమె గోడకు ఆనుకుంది.

"మా అన్న పోయినాడని కోలారుకు పోయింటిని. ఆ మూడునాలుగు దినాలే నేను లేకుండేది" అంది. "నేను ఉన్నింటే ఒక అట్ట తీసేసుందును."

"అక్కా, ఎన్నాళ్లు తీసేస్తావు?"

"ఆ కుర్చీలోనించి లేపితే ఆయనలో ఇంకేముంటుంది చెప్పు. ఇంట్లో సాయంత్రమైతే నేనెవురో కూడా ఒక్కోసారి తెలీదు. పేషంటు వస్తే మాత్రం డాక్టరు అయిపోతాడు. అదీ లాగేసుకోమంటావా?"

ఇద్దరం ముందు గదిలోకి వచ్చాం. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"ఎప్పుడు వచ్చినావు సుగుణమ్మా? కూర్చో. గురుబరపల్లి పక్క గంగమ్మ కొడుకు కనబడలేదే ఈ మధ్య. ఆమె బాగుండాదా?"

అంతమందిలో ఆమె పేరే ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలియదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"పోయింది సార్. షుగర్ దిగిపోయింది."

"దిగిపోయిందా? ఏం మాత్ర వేసుకుంటా ఉండె?"

చెప్పాను. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. "రెండు పేర్లతోనా? ఎవురు రాసినారు?"

"హోసూరులో ఎవురో కొత్త డాక్టరు" అంది లలితక్క, నేను నోరు తెరిచేలోపే.

ఆయన ఆమె వంక చూశాడు. తర్వాత నా వంక. నేను తల దించుకున్నాను. ఎదుటివాళ్ల మొహం చూసి రోగం పసిగట్టడం ఆయనకు బతుకంతా పని. "సరే, పొయ్యి రామ్మా" అన్నాడు మెల్లగా.

ఆ బుధవారం

ఆ వారం క్లాసు. ఆయన కెమెరా వెలిగి ఉంది. తెల్లచొక్కా, దువ్విన తల. పక్కన స్టూలు లేదు. తనకొక కేసుందని చెయ్యెత్తాడు.

"మగమనిషి. డెబ్బై దాటినాయి. చదువుకున్నోడు, వృత్తి వైద్యం. అడిగిందే అడుగుతాడు. సాయంత్రమైతే ఎక్కువ. పేషంట్ల పేర్లు పెండ్లాము చెప్తే గాని తెలీవు. ఈ మధ్య చీటీలో ఒకే మందు రెండుసార్లు రాసినాడు. ఒక అమ్మ చచ్చిపోయింది."

తెర మీద ఉన్న చదరాలన్నీ కదలకుండా అయిపోయాయి.

"ఇప్పుడు ప్రశ్న. ఈయనకు రోగముండాదని వాళ్లింట్లో తెలుసు. ఈయన దగ్గర చదువుకున్న డాక్టర్లకు తెలుసు. ఒక్కరన్నా ఈయనకు చెప్పలేదు. ఏం చెయ్యాల?"

ఎవరూ మైకు తెరవలేదు. మాలో చాలామంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లం, ఆయన చేతి అన్నం తిన్నవాళ్లం. క్లాసు నడిపేది నేను. ఎవరో ఒకరు చెప్పకపోతే ఆ రోజు కూడా మర్యాదగా ముగిసేది.

"క్లినిక్ మూసెయ్యాల సార్" అన్నాను. "ఈరోజే. పేషంట్లను మేము పంచుకుంటాము."

"ఎవురన్నా చెప్తారని చూస్తా ఉండినానమ్మా" అన్నాడు ఆయన. కోపంగా కాదు. చాలా దూరం నడిచి వచ్చి కూర్చున్నవాడి గొంతులా ఉంది. తర్వాత లోపలికి తిరిగి, "లలితా, బోర్డు తీపిచ్చెయ్యి" అన్నాడు.

బోర్డు ఆ సాయంత్రమే దిగింది. పోచంపల్లి వైపు వాళ్లను ఆ ఊరి డాక్టరు తీసుకున్నాడు, గురుబరపల్లి వైపు వాళ్లను రేవతి. క్వారీ మేస్త్రీ మాత్రం రెండుసార్లు పాతపేటకే వచ్చి, మూసిన తలుపు చూసి పోయాడని లలితక్క చెప్పింది.

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. చెప్పాల్సిన మాట ముందు రోగికి చెప్పండి. ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకు. మేము ఆ మాట కొన్ని నెలల ముందు చెప్పి ఉంటే గంగమ్మ ఇంకొన్నాళ్లు బతికేది. మా మర్యాదకు ఆమె ప్రాణం పోయింది. దీన్ని ఇంకా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

తర్వాతి బుధవారం

ఆయన రాడనుకున్నాను. వచ్చాడు. అదే తెల్లచొక్కా. ఈసారి లలితక్క పక్కనే ఉంది, తల వంచుకుని. నేను హాజరు చూస్తుండగానే ఆయన చెయ్యెత్తాడు.

"ఒక కేసుండాది. మగమనిషి. డెబ్బై దాటినాయి. చదువుకున్నోడు, వృత్తి వైద్యం..."

రేవతి చేత్తో నోరు మూసుకోవడం తెర మీద కనిపించింది. ఆయన్ను చివరిదాకా చెప్పనిచ్చి, మొదటిసారి విన్నట్టు విని, మళ్లీ తీర్మానం చేయడం ఎంత తేలికో నాకు తెలుసు. మా అందరికీ అలవాటైన పనే కదా.

"సార్" అన్నాను. "ఈ కేసు పోయిన వారమే మీరు చెప్పినారు. మేమందరం విన్నాము."

ఆయన ఆగిపోయాడు. లలితక్క వంక తిరిగాడు. ఆమె ఏమీ అందించలేదు. అవునన్నట్టు తల మాత్రం ఊపింది.

"అట్లనా" అన్నాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "ఏం తేల్చినాము?"

"క్లినిక్ మూసెయ్యాలని సార్."

"మూసినాడా?"

"ఆ దినమే మూసినాడు."

"మీరు బలవంతం చేస్తే మూసినాడా, తానుగా ఒప్పుకున్నాడా?"

"తానుగానే సార్. అప్పటిదాకా మేమెవురమూ నోరు తెరవలేదు. మొదట ఆయనే చెప్పినాడు."

ఆయన మొహంలో ఏదో సర్దుకుంది. కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే మంచి డాక్టరే" అన్నాడు.

"అవును సార్" అన్నాను.